గోదారి ఒడ్డు ఇంట్లో అయిదు రోజులు: అవ్వ చెప్పగా రాసుకున్న లెక్క



పోస్టు పెద్దదే. తీరిక ఉన్నప్పుడు చదవండి. చివర్లో అందరికీ ఒక పని కూడా పెట్టాం.

మేము నలుగురం ఒకే హాస్టల్ గదిలో ఉంటాం. ఇద్దరం చింతూరు వైపు కోయోళ్ళం. ఒకడు దేవీపట్నం వైపు కొండరెడ్డి, వాళ్ళ ఊరు పోలవరం ముంపులో పోయి ఇప్పటికే కాలనీకి మారింది. నాలుగోవాడు కూడా కొండరెడ్డే, కానీ వాళ్ళ ఊరు ఇంకా గోదారి ఒడ్డునే ఉంది. పాపికొండల మధ్య, రోడ్డు లేని ఊరు. అది కూడా ముంపు లెక్కలో ఉన్నదే. సంక్రాంతి సెలవులకి అందరం కలిసి వాళ్ళింటికి పోయి అయిదు రోజులు ఉన్నాం. ఊరి పేరు, ఇంటివాళ్ళ పేర్లు రాయడం లేదు. వాళ్ళు వద్దన్నారు. మిగతాదంతా రాయమన్నారు.

చింతూరు నుంచి కూనవరం మీదుగా ఆటోలు మారి పోచవరం రేవుకి చేరాం. భద్రాచలం వైపు నుంచి వచ్చే టూరిస్టులు పాపికొండల లాంచీ ఎక్కేది అక్కడే. వాళ్ళ లాంచీలు ఒక పక్క, మన ఊళ్ళవాళ్ళ పడవలు ఇంకో పక్క. మా ఫ్రెండ్ వాళ్ళ నాన్న ఇంజన్ పడవతో వచ్చి ఉన్నాడు. పడవలో మాతోపాటు రెండు బియ్యం బస్తాలు, ఒక గ్యాస్ బండ, సిమెంటు రేకు ముక్కలు, జ్వరం తగ్గి ఆస్పత్రి నుంచి ఇంటికి పోతున్న ఒక పెద్దాయన. డీజిల్ డబ్బులు ఎక్కినవాళ్ళంతా తలా కొంత వేసుకున్నారు. మా దగ్గర తీసుకోలేదు. "మీరు ఇంటికొచ్చే పిల్లలు, ప్యాసింజర్లు కాదు" అన్నాడు.

ఇంటికి చేరగానే అవ్వ అడిగిన మొదటి మాట మన ఇళ్ళలో అడిగేదే. "ఏ ఇంటిపేరు?" దేవీపట్నం వాడి ఇంటిపేరూ వాళ్ళ ఇంటిపేరూ ఒకటే అయింది. అంతే, వాడు ఆ ఇంటి కొడుకైపోయాడు, మా ఫ్రెండ్ వాళ్ళ నాన్న వాడికి చిన్నాయన అయ్యాడు. మిగిలిన మేమిద్దరం కోయోళ్ళం. అవ్వ కాసేపు ఆలోచించి, "కోయోళ్ళకీ మాకూ పెళ్ళి చుట్టరికాలు లేవుగానీ సంతలో చుట్టరికం ఎప్పటిదో. మీరు అల్లుళ్ళు" అని తేల్చేసింది. అప్పటినుంచి మాకు ఆయన మావ, ఆమె అత్త. ఈ తేడా ఊరికే పోలేదు. కొడుకైనవాడు నీళ్ళు మొయ్యాలి, కట్టెలు తేవాలి. అల్లుళ్ళని పనికి పంపరు, కానీ ఎగతాళి మొత్తం మామీదే. పడవ తెడ్డు పట్టుకోవడం రాదని మమ్మల్ని చూసి ఊరు ఊరంతా నవ్వింది.

కొండరెడ్లు పీవీటీజీ జాబితాలో ఉన్న తెగ అని మనం పోటీ పరీక్షలకి చదువుకుంటాం. కొండల మీద ఉంటారు, పోడు చేస్తారు, వెదురు పని చేస్తారు, జీలుగు కల్లు తీస్తారు అని నోట్సులో ఉంటది. ఇవన్నీ నిజాలే. ఈ ఇంట్లో కూడా అటక మీద జొన్నలు, చూరు కింద వెదురు బుట్టలు, మామిడి టెంకల పిండి డబ్బా అన్నీ ఉన్నాయి. కానీ ఆ నోట్సులో గోదారి లేదు. ఈ ఇంటి సగం బతుకు గోదారిలోనే ఉంది. ఇంటి ముందు వాకిలి ఎంతో, రేవు కూడా అంతే. అత్త పొద్దున్నే వాకిలి ఊడ్చి, అదే చీపురుతో రేవు రాళ్ళ మీది నాచు కూడా ఊడ్చేది.

పొద్దున్నే మంచు. ఎదుటి ఒడ్డు కనపడదు. తొమ్మిది దాకా ఇంజన్ పడవ కదలదు. ఆ మంచులోనే మావ చిన్న పడవేసుకుని రాత్రి కట్టిన వల తీయడానికి పోయేవాడు. ఒక్కొక్క రోజు ఒక్కొక్కడిని వెంట తీసుకెళ్ళాడు. వల ఎక్కడ కట్టాడో కనపడదు కదా, ఎలా పోతావు మావా అని అడిగితే, "వాగు కలిసేచోట నీళ్ళ చప్పుడు మారతది, విను" అన్నాడు. మాకు రెండు చప్పుళ్ళూ ఒకటే అనిపించాయి. ఆయన మాత్రం తెడ్డు ఆపి, చెవి పెట్టి, నేరుగా బెండు దగ్గరికే పోయాడు. మొదటి రోజు జెల్లలు, రెండు వాలుగలు పడ్డాయి. పడినవాటిలో ఒకటి అవ్వకి, ఒకటి పక్కింట్లో బాలింతకి పోయింది. మిగిలినవి కూర. అమ్మడానికి సరిపడా పడేది వారానికి ఒకసారో రెండుసార్లో. అమ్మితే ఆ డబ్బు డీజిల్‌కి, ఉప్పు పప్పులకి పోతది.

తాగే నీళ్ళ సంగతి అత్త చెప్పింది. ఇదివరకు వేసవి వస్తే ఊరి ముందు ఇసుక తిన్నె తేలేది. ఆ ఇసుకలో చెలమ తీసుకుని నీళ్ళు తెచ్చుకునేవాళ్ళు. చెలమ నీళ్ళు చల్లగా, తేటగా ఉండేవట. చెలమ కాడే ఆడోళ్ళ మాటలన్నీ. ఎవరింట్లో ఏం జరిగిందో అక్కడే తెలిసేది. 2021 జూన్‌లో పోలవరం దగ్గర గోదారిని స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. ఆ తర్వాత నీళ్ళు వెనక్కి నిలబడుతున్నాయి, తిన్నె తేలడం లేదు అంది అత్త. చెలమ లేదు. ఇప్పుడు కొండవాగు దాకా ఎక్కి నీళ్ళు తెస్తున్నారు. బిందెతో పోయి రావడానికి దగ్గర దగ్గర గంట. మాలో కొడుకైనవాడు మూడు రోజులు తెచ్చాడు, వాడిని అడగండి.

పొద్దు ఎక్కాక టూరిస్టు లాంచీలు వస్తాయి. ముందు పాట వినపడతది, తర్వాత లాంచీ కనపడతది. మైకులో ఒకాయన కొండల గురించి, సినిమా షూటింగుల గురించి చెప్తా ఉంటాడు. మన ఊరి ముందుకి రాగానే "ఇక్కడ గిరిజనులు నివసిస్తారు" అంటాడు. అందరూ ఒకేసారి మనవైపు తిరిగి ఫోన్లు ఎత్తుతారు. మేము రేవులో స్నానం చేస్తున్నాం, తువ్వాళ్ళతో. పక్కన చిన్నపిల్లలు చేతులు ఊపుతున్నారు. లాంచీ పోయాక దాని అల వచ్చి కట్టేసిన పడవని రాళ్ళకేసి కొడతది. అందుకే ప్రతి పడవకీ ఒక పక్క పాత టైరు కట్టి ఉంటది. లాంచీలో ఉన్నోళ్ళ మీద మాకు కోపం లేదు. వాళ్ళు డబ్బు కట్టి ఒక్కరోజు చూడటానికి వచ్చారు. కాకపోతే వాళ్ళు చూసే గోదారి, ఈ ఇంటివాళ్ళు బతికే గోదారి ఒకటి కాదు. వాళ్ళకి కొండల మధ్య అందమైన నీళ్ళు. వీళ్ళకి రోడ్డు, బావి, సంత దారి, కూర, చేను, ఆస్పత్రి దారి.

ఆ దారి ఎంత ప్రమాదమో కూడా వాళ్ళకే బాగా తెలుసు. 2018 మే 15న మంటూరు దగ్గర లాంచీ మునిగినప్పుడు పోయినవాళ్ళలో మన గిరిజనులు ఎక్కువ. పని మీద పోయి ఇళ్ళకి తిరిగొస్తున్నవాళ్ళు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగినప్పుడు దగ్గరి ఊళ్ళ మనవాళ్ళే నాటు పడవల్లో ముందు పోయి నీళ్ళలో ఉన్నవాళ్ళని ఒడ్డుకి చేర్చారు. 26 మంది బతికి బయటపడ్డారు. మావ ఆ రోజు సంగతి ఎక్కువ మాట్లాడలేదు. "సుడి ఎక్కడుందో తెలిసినోడు పోవాలి కదా అక్కడికి" అన్నాడు అంతే. ఆ తెలివి ఏ సర్టిఫికెట్‌లోనూ ఉండదు. వాళ్ళ నాన్న చూపించాడు, ఈయన చూశాడు. ఇప్పుడు మా ఫ్రెండ్‌కి సగమే వచ్చు, ఎందుకంటే ఆరో తరగతి నుంచి హాస్టల్‌లోనే ఉన్నాడు. ఇది మనందరి కథే కదా.

రెండో రోజు రాత్రి కుంపటి చుట్టూ కూర్చున్నప్పుడు వరదల మాట వచ్చింది. భద్రాచలం దగ్గర గోదారి 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని మనందరికీ తెలుసు. వానాకాలం ప్రతి గ్రూపులో అదే మెసేజ్ తిరుగుతది. అవ్వకి ఫోన్ లేదు, ఆమెకి వేరే కొలతలు ఉన్నాయి. రేవులో ఏనుగు వీపు లాంటి ఒక రాయి ఉంది. దాని పైన గేదెల పాక. ఆ పైన చింతచెట్టు మొదట్లో కొమ్మ చీలేచోటు. రాయి మునిగితే పడవలు పైకి లాగాలి. పాకలోకి నీళ్ళొస్తే గొడ్లని కొండకి తోలాలి. కొమ్మ చీలికకి వస్తే మనుషులు కూడా ఎక్కాలి. 1986 వరదలో నీళ్ళు ఆ చీలిక దాటి పైకి వచ్చాయి. భద్రాచలంలో అప్పుడు 75.6 అడుగులు. మళ్ళీ 2022 జులైలో 71 దాటింది. అప్పుడు ఈ ఇంటివాళ్ళు కొండ మీద టార్పాలిన్ కింద ఉన్నారు. దిగొచ్చేసరికి ఇంట్లో మోకాలి లోతు బురద.

అవ్వకి ఇంకో లెక్క కూడా ఉంది. ఇది శబరి వరదా, గోదారి వరదా అని నీళ్ళు చూసి చెప్తది. ఒడిశా కొండల్లో వాన పడితే శబరి పొంగి కూనవరం దగ్గర కలుస్తది. గోదారి ముందే నిండుగా ఉంటే శబరి నీళ్ళు పోలేక వెనక్కి తన్నుతాయి. చింతూరు వైపు మేము చూసే ఎగపోటు అదే. అది మాకు తెలుసు, కానీ దాని కింది సగం కథ ఇక్కడ విన్నాం. పై ఊళ్ళలో మేము మునిగే రోజున కింద ఈ రాయి ఎంత మునిగి ఉంటదో అవ్వ చెప్తా ఉంటే, రెండు చోట్లా ఒకే నీళ్ళు అని గట్టిగా అనిపించింది.

అయితే ఇప్పుడు ఆ లెక్క తప్పుతోంది అంది. "ఇదివరకు ఫోన్లో 43 అన్నారంటే మర్నాటికి రాయి మునిగేది. ఇప్పుడు 43 రాకముందే మునుగుతోంది. నీళ్ళు కిందికి పోకుండా నిలబడుతున్నాయి. మా అత్త నేర్పిన లెక్క నేను మీకేం నేర్పను?" ఈ మాట కోపంతో అనలేదు. కొలబద్ద విరిగిపోతే దర్జీ ఎలా చెప్తాడో అలా చెప్పింది.

మూడో రోజు రాత్రి అసలు వాదన జరిగింది. మనం ఇలాంటి గ్రూపుల్లో రాసేటప్పుడు ఊరంతా ఒకే మాట మీద ఉన్నట్టు రాస్తాం. ఈ ఇంట్లోనే మూడు మాటలు ఉన్నాయి. మావకి పోవాలని ఉంది. పరిహారం సరిగ్గా ఇచ్చి, చేను ఇచ్చి పంపితే పోతాను అన్నాడు. ఎందుకంటే మా ఫ్రెండ్ చెల్లెలు పుట్టేటప్పుడు అత్తని రాత్రిపూట పడవలో ఆస్పత్రికి తీసుకుపోయారు, ఆ రాత్రి ఆయన ఇప్పటికీ మర్చిపోలేదు. అత్తకి పోవాలనీ లేదు, ఉండాలనీ లేదు. "నీళ్ళు దగ్గరుండేచోటికి పోతాను" అంది. అవ్వ మాత్రం, "మీరు పోండి, నన్ను ఇక్కడే మా ఆయన పక్కన పెట్టేసి పోండి" అంది. మా ఫ్రెండ్ నోరు తెరవలేదు. వాడికి చెల్లెలు చదువుకోవాలి, అవ్వ కూడా కావాలి.

అప్పుడు మాలో కాలనీ నుంచి వచ్చినవాడిని అందరూ అడిగారు. వాడు ఉన్నదున్నట్టు చెప్పాడు. రోడ్డు ఉంది. 108 ఇంటి ముందుకి వస్తది. కరెంటు పోదు. వాళ్ళ చెల్లి రోజూ బడికి పోతోంది. ఇవి చిన్న విషయాలు కావు అన్నాడు. తర్వాత ఇంకోటి చెప్పాడు. వాళ్ళ నాన్న విసురు వల కాలనీ ఇంట్లో మేకుకి వేలాడుతోంది. చేప తినాలంటే సంతలో కిలో లెక్కన కొనాలి. నాన్న అప్పుడప్పుడు బండి మీద పాత ఊరి వైపు పోయి గాలం వేసి వస్తాడు. అక్కడ ఎవరైనా "నువ్వెవరు, ఇక్కడెందుకు పడుతున్నావు" అని అడిగితే చూపించడానికి ఒక్క కాగితం కూడా లేదు. ఇల్లు పోయినందుకు కాగితం ఉంది, చెట్లు పోయినందుకు ఉంది. ఏరు పోయినందుకు లేదు.

మావ అప్పుడు మెల్లగా అన్నాడు. "మా దగ్గరికి రాసుకోడానికి వచ్చినోళ్ళు కూడా ఇల్లు కొలిచారు, చింతచెట్లు, తాటిచెట్లు లెక్కపెట్టారు. రేవు అడగలేదు. నేను కూడా చెప్పలేదు. గోదారిని నాది అని ఎలా చెప్తాను?"

మేము అయిదు రోజుల్లో విన్న మాటల్లో మమ్మల్ని నిద్రపోనీయనిది ఇదే. భూమి అయితే నాది అనడం మనం నేర్చుకున్నాం. 1/70 చట్టం అందరి నోట్లో ఉంటది. పోడు పట్టా కోసం తాతలు, నాన్నలు ఎన్నిసార్లు తిరిగారో మనకి తెలుసు. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి మనవాళ్ళు చేతులు కట్టుకుంటారు. ఏరు అందరిదీ అంటారు. అది గొప్ప మాటే. కానీ అందరిదీ అని వదిలేసింది కాగితం మీద ఎవరిదీ కాకుండా పోతోంది.

నాలుగో రోజు మా హాస్టల్ లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసి అవ్వ ముందు కూర్చున్నాం. అవ్వా, ఏడాది పొడుగునా గోదారితో మీరు ఏమేం చేస్తారో మొదటినుంచీ చెప్పు అన్నాం. ముందు నవ్వింది. "దీన్ని కూడా రాస్తారా?" అంది. తర్వాత ఆగలేదు. మధ్యలో అత్త, పక్కింటి పెద్దమ్మ, మావ కూడా అందుకున్నారు. ఒకళ్ళు చెప్పింది ఇంకొకళ్ళు సరిచేశారు. ఆరు పేజీలు అయింది. అందులోంచి కొంత ఇక్కడ పెడుతున్నాం.

తొలకరిలో పైనుంచి ఎర్ర నీళ్ళు దిగుతాయి. చేప వాగుల్లోకి ఎదురెక్కుతది. వాగు నోటి దగ్గర వెదురు మావులు పెడతారు. ఏ వాగు నోరు ఏ ఇంటివాళ్ళదో పెద్దలు ఎప్పుడో పంచుకున్నారు, ఇప్పటికీ దాని మీద తగువు లేదు.

వరద కాలంలో వల వెయ్యరు. పడవలు చింతచెట్టుకి కడతారు. కొట్టుకొచ్చే దుంగలు, కర్రలు పట్టుకుంటారు. ఏడాదికి సరిపడా వంటచెరుకు అప్పుడే వస్తది.

దసరా దాటాక నీళ్ళు తీస్తాయి, ఒడ్డున ఒండ్రు మిగులుతది. ఆ ఒండ్రులో చిక్కుడు, మొక్కజొన్న, పొగాకు వేస్తారు. దున్నే పని లేదు, ఎరువు పని లేదు. ఇది ఎవరి పట్టాలోనూ లేని చేను.

చలికాలం కట్టు వల. మేము చూసింది అదే.

వేసవిలో తిన్నె తేలినప్పుడు చెలమలు. గొడ్లు ఏరు దాటి ఎదుటి కొండ మేతకి పోయేవి. పెళ్ళిళ్ళు అప్పుడే, పెళ్ళివారు పడవల మీద డోలు కొట్టుకుంటా వచ్చేవాళ్ళు. ఎవరైనా పోతే దినం నాడు ఇంటిల్లిపాదీ మునిగేది ఈ రేవులోనే. అవ్వ మామగారి కాలంలో వెదురు తెప్పలు కట్టి రాజమండ్రి దాకా తోలేవాళ్ళు. పోవడానికి నీళ్ళు, రావడానికి కాళ్ళు అంది అవ్వ.

చేపలు పట్టే చోట్లకి పేర్లు ఉన్నాయి. తొమ్మిది పేర్లు చెప్పారు. అవి ఏ మ్యాపులోనూ లేవు. మావ నేల మీద బొగ్గుతో గీసి చూపిస్తే మేము పుస్తకంలోకి దింపుకున్నాం. ఆ పేర్లు ఇక్కడ పెట్టడం లేదు, అవి ఆ ఊరివి.

ఇప్పుడు చట్టం మాట. హాస్టల్‌కి వచ్చాక చదివి చూసుకుని రాస్తున్నాం. మీరూ చదవండి.

అటవీ హక్కుల చట్టం, 2006 అంటే మనకి పోడు పట్టా ఒక్కటే గుర్తొస్తది. ఆ చట్టంలోనే సెక్షన్ 3(1)(డి) ఉంది. చేపలు, ఇతర నీటి ఉత్పత్తుల మీద, మేత మీద ఉమ్మడి వాడక హక్కులు అందులో ఉన్నాయి. ఇది ఒక మనిషి హక్కు కాదు, ఊరి హక్కు. దీనికి పెట్టుకోవాల్సింది ఫారం బి. అందులో చేపలకి, నీటి వనరులకి వేరుగా గడి ఉంది. చాలా ఊళ్ళలో వ్యక్తిగత పట్టా కోసం ఫారం ఎ పెట్టి అక్కడితో ఆగిపోతాం.

సాక్ష్యం ఏం చూపించాలి? ఆ చట్టం నిబంధనల్లో 13వ నిబంధన చూడండి. ఊరి పెద్దల మాటని రాయించి సాక్ష్యంగా పెట్టొచ్చు. చేపలు పట్టే చోట్లు, మనుషులకి గొడ్లకి నీళ్ళు దొరికే చోట్లు, శ్మశానాలు, పూజ చేసుకునే చోట్లు కూడా సాక్ష్యాలే. ఒక్క సాక్ష్యంతో సరిపెట్టకూడదు, ఒకటి కంటే ఎక్కువ ఉండాలి. అంటే అవ్వ చెప్పిన ఆరు పేజీలు, మావ గీసిన బొగ్గు గీతలు కబుర్లు మాత్రమే కావు. గ్రామసభలో చదివి, అటవీ హక్కుల కమిటీ చేత తీసుకునేలా చేస్తే, అవి ఊరి దరఖాస్తులో కాగితాలు.

రెండోది 2013 భూసేకరణ చట్టం. సెక్షన్ 41 మొత్తం ఎస్సీ, ఎస్టీల కోసమే. షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ ముందస్తు అనుమతి సంగతి అందులోనే ఉంది. ముంపు ప్రాంతంలోని నదిలో చేపల హక్కు ఉన్న ఎస్టీలకి, కట్టిన తర్వాత ఆ జలాశయంలో చేపల హక్కు ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. ఆ మాటని జాగ్రత్తగా చదవండి. హక్కు ఉన్నవాళ్ళకి అని ఉంది. మనకి హక్కు ఉండేదని ముందు ఎక్కడో రాసి ఉండాలి కదా. రేపు అక్కడ 45.72 మీటర్ల ఎత్తున నీళ్ళు నిలిచాక, మా మావ ఇక్కడ వల వేసేవాడు అని వేలు పెట్టి చూపించడానికి రాయీ ఉండదు, వాగు నోరూ ఉండదు. ఇప్పుడు రాసిన పుస్తకం ఒక్కటే ఉంటది.

పోవాలా ఉండాలా అనేది ఆ ఇంటివాళ్ళు, ఆ గ్రామసభ తేల్చుకోవాలి. మేము చెప్పేది కాదు. మావ మాటలో న్యాయం ఉంది, అవ్వ మాటలో కూడా ఉంది. కానీ పోయినా ఉన్నా, ఏరు కూడా ఆ ఇంట్లో భాగమని కాగితం మీద ఉండాలి. పోయేవాళ్ళకి అది జలాశయంలో హక్కు. ఉండేవాళ్ళకి అది రేవు. ఆ పని పదో తరగతి దాటిన మనలాంటివాళ్ళు చెయ్యగలరు. దీనికి లా చదవక్కర్లేదు, ఓపిగ్గా విని తప్పు లేకుండా రాస్తే చాలు.

అందుకే అందరికీ ఒక పని.

వచ్చే సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఒక నోట్‌బుక్ తీసుకుపోండి. గోదారి ఒడ్డు ఊరే కానక్కర్లేదు. శబరి, సీలేరు, కొండవాగు, చెరువు, ఏదైనా సరే. ఇంట్లో పెద్దవాళ్ళని, ముఖ్యంగా ఆడవాళ్ళని కూర్చోబెట్టి అడగండి. ఏ కాలంలో నీళ్ళతో ఏం చేస్తారు? చేప ఎక్కడ పడతారు, ఆ చోటి పేరేంటి? తాగే నీళ్ళు ఎక్కడివి, ఇదివరకు ఎక్కడివి? గొడ్లు ఎక్కడ తాగుతాయి? పండగకి, పెళ్ళికి, చావుకి ఏ రేవుకి పోతారు? ఏ ఏడాది వరద ఎక్కడిదాకా వచ్చింది? చెప్పినవాళ్ళ పేరు, వయసు, తేదీ రాయండి. వాళ్ళు చెప్పిన మాటల్లోనే రాయండి, మన పుస్తకాల మాటల్లోకి మార్చొద్దు. చివర్లో చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఫోటో తీసి దాచండి, అసలు పుస్తకం మాత్రం ఊళ్ళోనే ఉంచండి. చోట్ల పేర్లు గ్రూపులో పెట్టొద్దు, గ్రామసభలో పెట్టండి.

అయిదో రోజు బయల్దేరేటప్పుడు ఆ నోట్‌బుక్ అవ్వ చేతిలో పెట్టాం. ఆమెకి చదవడం రాదు. పేజీలు తిప్పి చూసి, జొన్నల మూట పక్కన అటక మీద పెట్టించింది. అక్కడ అయితే వరద అందదట. మా ఫ్రెండ్ చెల్లెలు ఎనిమిదో తరగతి. మిగిలిన పేజీలు తను నింపుతానంది. ఇంకా వానాకాలం చేపల పేర్లు రాయాలి, వాటికి అవ్వ దగ్గర ఇరవైకి పైనే పేర్లు ఉన్నాయట.

మీ ఊళ్ళో రాయడం మొదలుపెడితే ఇక్కడ కింద చెప్పండి. ఫారం బి ఎలా నింపాలో ఇదివరకు చేసిన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే దయచేసి రాయండి, అందరం నేర్చుకుంటాం.

జోహార్. జై ఆదివాసీ.